మౌనము దోషమా? హోరేసు మాన్ జీవితమునుగూర్చి యొక విచారము

ఒక సత్కార్యమును బూనినవాడు, దానికి హాని కలుగునను భీతిచే, వేఱొక యన్యాయమును జూచియు నూరకుండవచ్చునా? సంఘసంస్కరణమున బాటుపడువారి కెల్లరకును ఈ ప్రశ్న యెప్పుడో యొకప్పు డెదురుకాక మానదు. అమెరికా దేశీయుడగు హోరేసు మాన్ జీవితమున నిది మిక్కిలి తీక్ష్ణముగా గానవచ్చును.

ఆయన 1796వ సంవత్సరమున మాసచూసెట్సు రాష్ట్రమందలి ఫ్రాంక్లిను గ్రామమున నొక పేదకాపు నింట జన్మించెను. ఆయన పదునాలుగేండ్ల వాడై యుండగా నన్న నీట మునిగి మరణించెను. ఆ యూరి మతబోధకుడు అంత్యక్రియలనాడే పశ్చాత్తాపపడక చనిపోవువారి దుర్గతినిగూర్చి ప్రసంగించెను. తల్లి యేడ్చుచు నా మాటలను వినెను. బాలుడా కఠినమతమునకు విముఖుడై, పిమ్మట దేవుడొక్కడే యని నమ్మెడి యూనిటేరియనులలో జేరెను. రామమోహనరాయలవారు 1821లో విలియం ఆడముతో గలసి కలకత్తాలో నెలకొల్పిన సంఘమును ఈ శాఖకు జెందినదే.

మాన్ న్యాయవాదియై, శాసనసభలో బ్రవేశించి, సెనేటున కధ్యక్షుడయ్యెను. 1837లో దాని నంతయు విడిచి రాష్ట్ర విద్యామండలికి గార్యదర్శి యయ్యెను. వకీలు వృత్తిలోని యాదాయ మెఱిగినవారి కీ త్యాగ మెట్టిదో తెలియును. ఉపాధ్యాయులను దీర్చిదిద్దుటకై 1839లో లెక్సింగ్టనులో బాఠశాల తెఱపించెను. మొదటినాడు వచ్చినవారు మువ్వురు కన్యలు మాత్రమే. బెత్తము నాశ్రయింపక బోధింపవలెనన్నందుకు బోస్టను పంతుళ్లు ముప్పదియొక్కరాయనపై గలహమునకు వచ్చిరి.

ఇట్టివాడు బానిసత్వమును ద్వేషించియు, ఆ పదవిలో నున్నంతకాలము తద్వాదమున జొరబడడయ్యెను. లెక్సింగ్టను ప్రధానోపాధ్యాయుడగు సామ్యుయేలు మే బానిసత్వ నిరసన సభలకు బోవుటను సైతము తప్పుపట్టెను. బడులకు ధనమొసగునది శాసనసభ. అందొక పక్షమునకు గోపము వచ్చినచో బడులే నశించును. ఈ భయము కల్పితము కాదు. 1840లో విద్యామండలినే రద్దుచేయవలెనన్న ప్రతిపాదన సభకు వచ్చి యోడిపోయెను.

ఈ తర్కము మా వృత్తివారికి బరిచితమే. ఒక వ్యాజ్యములో వేఱొకదానిని గలుపరాదని నేనును బలుమాఱు వాదించితిని. కాని కక్షిదారుడు తన వ్యాజ్యమును దానే మన కప్పగించును. బానిస మన మౌనమునకు సమ్మతి నిచ్చియుండలేదు. మన జాగ్రత్తకు వెల చెల్లించునది వాడు; ఆ వెలను నిర్ణయించునది మనము. అంతియే కాదు. బోస్టనులో నల్లవారి బిడ్డలను వేఱుబడులలో నుంచు పద్ధతి 1855వఱకు శాసనముచే నిషేధింపబడలేదు. సర్వజనులకు నొకే బడి యని చాటినవాని మౌనము ఆ బడి సూత్రమునకే విరుద్ధముగా నుండెను. కావున నాయన నిచ్చట బూర్తిగా సమర్థింపజాలను.

1848లో జాన్ క్విన్సీ ఆడమ్సు మరణింపగా నాతని స్థానమున మాన్ కాంగ్రెసున కెన్నికయ్యెను. ఆ యేడే డెబ్బదియేడుగురు బానిసలను ‘పెర్లు’ అను నోడలో దప్పింప యత్నించి పట్టుబడిన నావికుల పక్షమున న్యాయస్థానమున వాదించెను. పాఱిపోయిన బానిసలను బట్టి యొప్పగింపవలెనను 1850 శాసనమును సమర్థించిన వెబ్‌స్టరును బాహాటముగా ఖండించెను.

1853 మొదలు 1859లో మరణించువఱకు ఒహైయోలోని యాంటియకు కళాశాల కధ్యక్షుడుగా నుండెను. అచట స్త్రీపురుషులు కలసి చదివిరి. నల్లజాతి బాలికలను జేర్చుకొనుట కొందఱకు రోషము గలిగించెను. కళాశాలయో అప్పులలో మునిగియుండెను. దాతల యనుగ్రహము పూర్వముకన్న నధికముగా గావలసియుండెను. అయినను మాన్ ఆ బాలికలను వెలుపలికి బంపలేదు.