నగరంలో ఏకాంతం

ఏకాంతమూ ఒంటరితనమూ ఒకటి కావు. తోడు కోరినప్పుడు లభించకపోవడం ఒంటరితనం. కోరుకున్నప్పుడు తనతో తాను ఉండగలగడం ఏకాంతం. మహానగరంలో మొదటిది అయాచితంగానే ప్రాప్తిస్తుంది. రెండవది ఎవరికి లభిస్తుంది, ఎవరికి లభించదు అన్న ప్రశ్న తాత్త్వికమే కాదు, నైతికం కూడా.

తపతీ తీరాన వెలసిన సూరత్ ఏనాడూ నిశ్శబ్ద నగరం కాదు. మొగలుల కాలంలో అది పశ్చిమ తీరపు ప్రధాన రేవు. మక్కా యాత్రికులు ఓడలెక్కిన చోటు. 1664లోను, 1670లోను శివాజీ దాడులను చవిచూసింది. తరువాత రేవు వైభవం బొంబాయికి తరలిపోయినా నగరం సద్దుమణగలేదు. వజ్రాలు సానపట్టే కార్ఖానాలు, మరమగ్గాలు నేడు దాని జీవనాడులు. ఆ మగ్గాల వద్ద తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలీలు ఎందరో పనిచేస్తున్నారు.

చేతిమగ్గానికి ధ్వని లేకపోలేదు. కాని ఆ ధ్వని నేతగాని చేతిలో, కాలిలో పుట్టేది. అతడు ఆగితే ఆగేది. నేతపనివాడైన కబీరు తత్త్వచింతనకు మగ్గం అడ్డు రాలేదు. మరమగ్గం లయ మనిషిది కాదు, విద్యుత్తుది. వరుసగా మగ్గాలు ఆడుతున్న షెడ్డులో పక్కవాని మాటే వినబడదు. ఇక తన మనసు మాట తనకెలా వినబడుతుంది? పని దిగి చేరుకునే ఇల్లు పలువురు పంచుకునే ఒకే గది అయినప్పుడు, పగలు కోల్పోయిన నిశ్శబ్దం రాత్రి కూడా దక్కదు.

ఏకాంతం మనసులోనే ఉన్నదని పెద్దలంటారు. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ యుద్ధ శిబిరంలో ఉంటూనే ఆత్మచింతన రాసుకున్నాడు; కొండలకూ సముద్రతీరాలకూ పోనక్కరలేదని, అంతరంగమే ఆశ్రయమని భావించాడు. గాంధీజీ జనసమూహం నడుమనే సోమవారాలు మౌనం పాటించారు. ఇవి కాదనలేని ఉదాహరణలు. అయితే చక్రవర్తికి తనదైన గుడారముంది. మహాత్ముని మౌనాన్ని చుట్టూ ఉన్నవారు మన్నించారు. భగవద్గీత సైతం జ్ఞానలక్షణాలను చెబుతూ ఏకాంత ప్రదేశ సేవనాన్ని వాటిలో చేర్చింది. అంతర్ముఖత్వానికి కూడా కాస్త చోటు కావాలి. తలుపు వేసుకునే గది లేనివానికి మనోనిగ్రహం బోధించి ఊరుకోవడం, ఆకలిగొన్నవానికి ఉపవాస మహిమను వివరించడం వంటిది.

చోటుతోపాటు భాషా కావాలి. ఏకాంతం తనతో తాను జరిపే సంభాషణ కనుక. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడపడం ఈ దృష్టితో చూస్తే కేవలం విద్యా విషయం కాదు. వలస వచ్చినవారి బిడ్డలకు తమలో తాము మాట్లాడుకునే మాటలను కాపాడి ఇవ్వడం.

చట్టమూ కొంత దూరం నడిచింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను పరిమితిగా నిర్ణయించాయి. ప్రశాంతంగా జీవించడం జీవించే హక్కులో భాగమని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా నిశ్శబ్దం నేటికీ స్థలం ధరను బట్టే పంపిణీ అవుతున్నది. పని దిగిన కార్మికుడు నడిచి చేరగల దూరంలో ఒక పఠనాలయం, నాలుగు చెట్ల నీడ, ఒక నదీతీరపు మెట్టు ఉండడం విలాసం కాదు. మంచినీటి వలెనే అది పౌరసౌకర్యం.

అంతరంగ సాధన ఎవరికి వారు చేసుకోవలసిందే. కాని దానికి అవసరమైన కనీస నిశ్శబ్దాన్ని ఒకరికొకరు ఇచ్చుకోవలసి ఉంటుంది. నగరంలో ఏకాంతం ఒక్కరి వల్ల సిద్ధించేది కాదు.