తొలిచూపు తీర్పు



మా విచారణ యువకుడొకడు వెల్డరుగా జాంబియా వెళ్లాడు. పట్టణాలకు దూరంగా ఒక రాగి గనిలో పని. వెళ్లిన వారానికి ఫోనులో సందేశం పంపాడు: "మన పలాస జీడితోటల్లోలాగే ఇక్కడా ఎర్రమట్టే ఫాదరుగారూ. కాని ఇక్కడి మనుషుల్ని నమ్మకూడదంట. పెట్టెకు రెండు తాళాలు వేశాను."

ఆ 'అంట' అన్న మాట చూడండి. అతడింకా ఒక్క జాంబియావాసితోనైనా నోరారా మాట్లాడలేదు. ముందు వెళ్లిన మనవాళ్లు చెప్పినదాన్నే తన కళ్లతో చూశాననుకొంటున్నాడు. చదివి నేనూ తలూపాను. అదే నన్ను బాధిస్తున్నది.

చాలిన ఆధారం లేకుండా పొరుగువాణ్ణి చెడ్డవాడని తలచడమే అతనికి అన్యాయం చేయడమంటారు పునీత తోమాసు అక్వినాసుగారు. మంచివాణ్ణి అరుదుగానైనా చెడ్డవాడనుకోవడం కంటే, చెడ్డవాణ్ణి మంచివాడనుకొని పలుమార్లు మోసపోవడమే మేలని ఆయన బోధ. మరి పరదేశంలో ఒంటరివాడు జాగ్రత్తపడవద్దా? పడాలి. ముందుజాగ్రత్త వేరు, మనిషిపై తీర్పు వేరు. తాళం వేసినందుకు నేనతణ్ణి తప్పుపట్టను.

మనవాళ్లు ఆ ఖండంలో దిగడం కొత్త కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రురో' ఓడ డర్బను చేరింది. అది మొదలు 1911 వరకు నటాలు చెరకుతోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో నాటి విశాఖపట్టణం, గంజాం జిల్లాలవారు, అంటే మన ముత్తాతల తరంవారు, ఉన్నారు. మొదటి సంవత్సరం జీతం నెలకు 10 షిల్లింగులు. ప్రతివారికీ ఒక నంబరు. దొర వారిని ఎరిగినది ఆ నంబరుతోనే. నేడు చెన్నైలో మన వలస కూలీ అద్దెగది అడిగితే ఇంటివారు ఎలా చూస్తారో మీకు తెలియనిదా?

అతనికి జవాబుగా ఒక్క ప్రశ్న పంపాను: "నీ పక్కన పనిచేసే మనిషి పేరేమిటి బాబూ?"

మూడు రోజులైంది. ఇంకా బదులు రాలేదు.