కప్పని గోయి
(ధ్యానమునకు: నిర్గమకాండము 21:33, 34)



ఒకడు గోయి త్రవ్వి కప్పక విడిచిపెట్టెను. చీకటిలో పొరుగువాని ఎద్దు అందులో పడి చచ్చెను. తప్పెవరిది? త్రోవ చూడని ఎద్దుదని మోషే ధర్మశాస్త్రము చెప్పలేదు. గోయి గలవాడే నష్టము అచ్చుకొనవలెనని చెప్పినది. అతడు ఎద్దును పడద్రోయలేదు. గోయి ఉన్నదని తెలిసియు కప్పలేదు. అదియే అతని దోషము.

మన కాలములో ఇట్టి గోయి యొకటి లోకమంతటిని బాధించెను. 2017 మే 12వ తేదీన ‘వానాక్రై’ అను దొంగ ప్రోగ్రాము కంప్యూటర్లలో చొరబడి, వాటిలోని సమాచారమునకు తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు అడిగెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకొనెను. ఇంగ్లండులో వైద్యుని చూడవలసిన వేలకొలది రోగులు వెనుకకు మరలవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు తప్పించుకొనలేదు.

దొంగ దోషియే, సందేహము లేదు. అయితే అతడు దూరిన కన్నము సంగతి ముందుగా ఎవరికి తెలిసియుండెను? ఆ సాధనము అమెరికా జాతీయ భద్రతా సంస్థనుండి దొంగిలింపబడినదని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ ఆ దినములలోనే బహిరంగముగా చెప్పి, ప్రభుత్వములు ఇట్టి లోపములను దాచిపెట్టుకొనుట తగదని గద్దించెను. ఆ కంపెనీ మార్చి నెలలోనే కన్నమును పూడ్చు మార్గము పంపియుండెను. గాని అనేకులు దానిని తమ యంత్రములలో వేసికొనలేదు.

దేశరక్షణకొరకు రహస్యము దాచుట తప్పా అని కొందరందురు. శత్రువు గోడకు మాత్రమే కన్నమున్నయెడల ఆ మాట కొంత చెల్లును. కాని అదే కన్నము ఆసుపత్రి గోడకును ఉన్నది. గోయి శత్రువు ఎద్దును, మిత్రుని ఎద్దును వేరుచేసి చూడదు.

ఇక మన సంగతి యేమి? బ్యాంకునుండి అని నమ్మించి ఒకడు ఫోనులో ఓటీపీ అడుగును. మనవారొకరు చెప్పుదురు, కష్టార్జితము పోవును. నలుగురు నవ్వుదురని ఆ సంగతి ఇంటివారికైనను చెప్పరు. మరునాడు అదే గొంతు ప్రక్కింటి విధవరాలిని పిలుచును. మోసపోవుట పాపము కాదు. అయితే గోయి ఎక్కడనున్నదో ఇప్పుడు ఎరిగినవారు వారే గదా! వారు నోరు తెరచిన, మరియొకరు తప్పించుకొందురు.

కావున మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను, బ్యాంకునకు తెలుపవలెను, పొరుగువారితో చెప్పవలెను. వినువారమైన మనము నవ్వకుందము. మన నవ్వునకు జడిసియే అనేకులు మౌనముగా నుందురు. అప్పుడు ఆ గోయి కప్పకుండ చేసినవారము మనమే యగుదుము.