శాలువా ఒకరికి, ఋణం ఎందరికి?



ఎండాకాలంలో పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా అనంతసాగరంలో సెంటర్ నిండా ఫ్లెక్సీలే. 600కి ఇన్ని మార్కులంటూ పిల్లల ఫోటోలు, వాటికన్నా పెద్దగా నాయకుల ఫోటోలు. సాయంత్రం షామియానా, మైకు, శాలువాలు, మెమెంటోలు. సిటీలో ఉండే మీకు ఇదంతా కాస్త నవ్వు తెప్పించొచ్చు. నాకైతే నవ్వు రాదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో చదువుకున్న పిల్లాడిని ఊరంతా 'మావాడు' అనుకోవడం మంచి సంగతే కదా.

ఆ శాలువా ఒకసారి నాకూ కప్పారు. ఆ రోజు షామియానా చివర మా అక్క నిలబడి చప్పట్లు కొడుతోంది. నాకన్నా బాగా చదివేది. ఇద్దరినీ చదివించే స్తోమత లేక పదో తరగతితోనే ఆమెని ఆపేశారు. నేను మైకు పట్టుకుని అమ్మానాన్నలకి, మాస్టార్లకి, పెద్దలకి థ్యాంక్స్ చెప్పాను. అక్క పేరు ఎత్తలేదు. మర్చిపోయానంటే అబద్ధం. అసలు తట్టనే లేదు.

ఫలం మీద మనకి అధికారం లేదని కృష్ణ పరమాత్మ గీతలో చెప్పాడు కదా, మరి ఫలితాలకి ఈ సంబరాలెందుకు అని చాలామంది అడుగుతుంటారు. సంబరం తప్పు కాదని నా ఉద్దేశం. 'ఇది నేనొక్కడినే సాధించాను' అనుకోవడం దగ్గరే చిక్కంతా. అదే గీత మూడో అధ్యాయంలో ఇంకా ఘాటైన మాట ఉంది. దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి వాళ్ళకి సమర్పించకుండా తానే అనుభవించేవాడు దొంగ అంటాడు స్వామి. అక్కడ మాట యజ్ఞం గురించే. కానీ అది చదివినప్పుడల్లా నాకు నా శాలువా గుర్తొస్తుంది.

మా మండలంలోనే పెన్నా నది మీద సోమశిల ప్రాజెక్టు ఉంది. సుమారు 78 టీఎంసీల నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళతో నెల్లూరు జిల్లాలో పైర్లు పచ్చగా ఉంటాయి. కానీ ఆ నీళ్ళు నిలవడానికి వెనకవైపు కడప జిల్లాలో ఎన్నో ఊళ్ళు మునిగిపోయాయి. దాన్ని 'వాళ్ళ త్యాగం' అంటాం. మా ఇంట్లో కూడా 'అక్క త్యాగం' అనేవాళ్ళు. నిజానికి త్యాగం అంటే మనసారా తనంతట తాను ఇచ్చేది. అక్కని ఎవరూ అడగలేదు. అడగకుండా తీసుకుని దానికి త్యాగం అని పేరు పెడితే, తీసుకున్నవాళ్ళకి మనసు తేలికవుతుందంతే. బాకీ మాత్రం తీరదు.

చదువు పూర్తిచేసి వెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటలు తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఉన్నాయి. ఒకరకంగా అది మన పాతకాలపు గ్రాడ్యుయేషన్ డే. అందులో ర్యాంకుల ఊసే లేదు. సత్యం చెప్పు, ధర్మంగా నడువు, చదవడం, చదివింది చెప్పడం మానకు, తల్లిని, తండ్రిని, గురువుని, అతిథిని దైవంగా చూడు, ఇచ్చేటప్పుడు శ్రద్ధతో, వినయంతో ఇవ్వు అంటాడు. అంటే చదువు పూర్తయిన రోజు బాధ్యత మొదలయ్యే రోజన్నమాట. ఋషుల ఋణం చదువుతో తీరుతుందనేది మన సంప్రదాయం. అందుకే నేనూ ఇద్దరు పిల్లలకి ఫీజులు కట్టాను, బాకీ తీరిందనుకున్నాను.

కానీ అప్పు ఇచ్చినవాళ్ళు కళ్ళ ముందే ఉంటే, వాళ్ళని దాటేసి ఇంకెవరికో తీరిస్తే సరిపోతుందా? ముందు ఆ మనిషి ఎదురుగా వెళ్ళి 'నీకు బాకీ ఉన్నాను' అని ఒప్పుకోవాలి. దానం చేయడం కంటే అదే కష్టం.

మొన్న అక్క కూతురు పదో తరగతి పాసైంది. ఊళ్ళో సన్మానం చేశారు. ఆ రాత్రి ఇంటి ముందు కూర్చున్నప్పుడు అక్కతో చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెందుకు లేరా అబ్బయ్యా అవన్నీ" అంది. అప్పుడు, ఇన్నేళ్ళలో మొదటిసారి, నేను అడిగాను: "నీకు ఇంకా చదువుకోవాలని ఉందా అక్కా?"

నవ్వింది. కాసేపాగి, "ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కి ఫీజెంతంట?" అంది.

ఈసారి మీ చేతికి డిగ్రీ వచ్చినప్పుడు, స్టేటస్ పెట్టే ముందు షామియానా చివర ఎవరు నిలబడి ఉన్నారో ఒక్కసారి చూడండి. ఒక్క ఫోన్ చేయండి. 'థ్యాంక్స్' చెప్పి పెట్టేయకండి. వాళ్ళకేం కావాలో అడగండి.

శుభం.