రాబోయే బొమ్మ

అభిమాని చూసే సినిమా రెండున్నర గంటలే. చూడబోయే సినిమా మాత్రం నెలల తరబడి ఆడుతుంది. దానికి టిక్కెట్టు అక్కర్లేదు, ఫ్లాపవుతుందన్న భయమూ లేదు.

2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్న దగ్గర ఆగింది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడు? జవాబు 2017 ఏప్రిల్ 28న గానీ రాలేదు. కథ విజయేంద్రప్రసాద్ గారిదే అయినా, ఆ 21 నెలలూ దాన్ని ఊరూవాడా కలిసి రాశాయి. బస్సుల్లో, టీ కొట్ల దగ్గర, పెళ్లి భోజనాల బంతుల్లో ఎవరి కట్టప్ప వాళ్లకుండేవాడు. రెండో భాగం నాకు నచ్చింది. కానీ ఆ వాదనలు ఆగిపోయినందుకు కాస్త వెలితిగానే అనిపించింది.

పూర్వం ఈ ఊరించే పని పాటలు చేసేవి. సినిమా కంటే ముందే రేడియోలో పాట వచ్చేది. తెర మీద దాన్నెలా తీశారో మనమే ఊహించుకోవాలి. మైకు కట్టిన రిక్షా కరపత్రాలు విసురుతూ పోతే వెనకాల పిల్లల పరుగు. ఇప్పుడు టీజరు ఎప్పుడొస్తుందో చెప్పడానికీ ఒక పోస్టరే! ఇది కొంచెం అతి.

అంచనాలు తలకిందులవడమూ ఉంది. 2001 సంక్రాంతికి 'మృగరాజు', 'నరసింహనాయుడు' ఒకే రోజు, జనవరి 11న వచ్చాయి. నిలబడింది రెండోది.

ఈ వారం తొలి ఆటకు వెళ్లేవాళ్లకు ఒక్క మనవి. బాగుందో లేదో చెప్పండి, ముగింపు మాత్రం చెప్పకండి.