పుల్లని పిండియు, వేడి పాలును

ధ్యానభాగము: మత్తయి 13:33



క్రిస్మసు సమీపించగా మా యింట అరిసెలు, కజ్జికాయలతోబాటు కొబ్బరి బన్నులుకూడ చేయుదుము. 500 గ్రాముల మైదాపిండి, 7 గ్రాముల పొడి ఈస్టు, 250 మిల్లీలీటర్ల పాలు, కొంచెము పంచదార, వెన్న, ఉప్పు. లోపల పెట్టుటకు ఒక కొబ్బరికాయ తురుము, బెల్లము, యాలకులపొడితో చేసిన లౌజు. వస్తువులు సామాన్యమైనవే. అయినను గత క్రిస్మసునాడు వీటివలన మేము నేర్చుకొనిన పాఠము మరువరానిది.

పండుగ ముందటి దినమున మా కుమారుడు హాస్టలునుండి వచ్చెను. పట్టణమునకు పోయినప్పటినుండి వాడు ఆలయమునకు వెళ్లుట మానెనని మాకు తెలిసెను. అన్నము ముందర కూర్చున్న వానిని, చుట్టములందరు వినుచుండగా, కఠినముగా గద్దించితిమి. వాడు మాటాడక లేచిపోయెను. సత్యమే చెప్పితిమిగదా అని మేము తృప్తిపడితిమి.

ఆ సాయంకాలము పిండి పొంగలేదు. గంటన్నర గడచినను ముద్ద కలిపినది కలిపినట్లే యుండెను. వాని తల్లి వచ్చి, "పాలు మరీ వేడిగా పోశానండీ. తొందరపడి ఈస్టును చంపేశాను" అనెను. ఆ మాట మా హృదయమును పొడిచెను.

ఈస్టు జీవముగలది. 1857 మొదలుకొని లూయీ పాశ్చర్ చేసిన పరిశోధనలు ఈ సంగతిని స్థిరపరచినవి. గోరువెచ్చని పాలలో అది మేలుకొని, పిండిలోని చక్కెరను తిని వాయువును విడుచును. ఆ వాయువే పిండిని పొంగించును. చల్లదనమునకు అది చావదు, మెల్లగా పనిచేయును. 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలినచో చచ్చును. అటుతరువాత ఎంత తీపి లోపల పెట్టినను ఆ రొట్టె రాయివలెనే యుండును.

ప్రభువు ఉపమానములోని స్త్రీకి ఈ శాస్త్రము తెలియదు. మన తల్లులు నిన్నటి పిండి కొంచెము నేటి పిండిలో కలుపునట్లు, ఆమె పాత ముద్దనే కలిపెను. మూడు కుంచములనగా నూరుమందికి చాలునంత పిండి. అంత పిండిలో ఆ చిన్న ముద్దను దాచి, ఆమె కనిపెట్టుకొనియుండెను. పొంగించుట ఆమె పని కాదు. లోపలనున్న జీవముయొక్క పని.

మన పిల్లలలో సండేస్కూలునందును కుటుంబప్రార్థనయందును వాక్యము దాచబడినది. అది కంటికి కనబడనందున లేదని తలంచి, కోపమను మరుగు పాలు పోయుచున్నామా? తండ్రులు పిల్లలకు కోపము రేపరాదని పౌలు ఎఫెసీయులకు (6:4) ఊరక వ్రాయలేదు. తప్పును తప్పనకూడదని మేము చెప్పుట లేదు. లౌజునైనను పొయ్యిమీదనుండి దింపగానే పెట్టరాదు, చల్లార్చి పెట్టవలెను. అంచులు గట్టిగా మూయవలెను, లేనియెడల బెల్లము కారి మాడును. బుద్ధిమాటయు ఆలాగుననే కోపము చల్లారిన తరువాత, నలుగురిలోనికి కారిపోకుండ, ఏకాంతమున చెప్పవలసినది. మత్తయి 18:15లో ప్రభువు చూపిన మార్గము ఇదియేగదా!

ఆ రాత్రి మేము కుమారుని యొద్దకు వెళ్లి, అందరి యెదుట అట్లు మాటాడుట మా తప్పని ఒప్పుకొంటిమి. వాడు జవాబు చెప్పలేదు. కొంతసేపటికి వంటయింటిలోనికి వచ్చి చేతులు కడుగుకొనెను. తల్లి పాలలో వ్రేలు ముంచి చూచి, "ఇప్పుడు పోయరా, నాన్నా" అనెను. వాడే పిండి పిసికెను. అది రెట్టింపగుటకు గంటకు పైగా పట్టెను; లౌజు పెట్టి చుట్టిన తరువాత మరల అరగంట కాచుకొంటిమి. అందరము నిద్ర మానుకొని, వేడి వేడి బన్నులను విరిచి పంచుకొంటిమి.

వాడు ఇంకను ప్రతి ఆదివారము ఆలయమునకు వచ్చుట లేదు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మాత్రము, పిలువకమునుపే సాయంకాల ప్రార్థనలో మా ప్రక్కన కూర్చుండెను. మేము గుడ్డ కప్పి కనిపెట్టుచున్నాము. మీ యింటను ఇట్టివారున్నయెడల, మీరును కనిపెట్టుడి.

ప్రార్థన: ప్రభువా, నీవు దాచిన జీవమును మా కోపముతో చంపకుండ మమ్మును కాపాడుము. మా మాటలకు తగిన వెచ్చదనమును, మా హృదయములకు ఓర్పును దయచేయుము. ఆమేన్.