ముఖ్యం కాని మాటలు

ఆమధ్య ఒక సాయంకాలం నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని పెందుర్తిలో మా పక్కింటివారి డాబా ఎక్కాను. ఆ ఇంటి పెద్దాయన రైల్వే సిగ్నల్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ప్రభుత్వ పరీక్ష ప్యాసయి లైసెన్సు పొందిన అమెచ్యూర్ రేడియో ఆపరేటరు. ఇటువంటివారిని ప్రపంచమంతటా హ్యామ్‌లని పిలుస్తారు. కర్రకు అల్యూమినియం కడ్డీలు బిగించి తానే చేసుకున్న ఏరియల్‌ను ఆయన అరకు కొండల దిక్కుగా ఎత్తి పట్టుకున్నాడు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే అంతర్జాతీయ రోదసీ కేంద్రం అటు నుంచి లేచి, పది నిమిషాలలో సింహాచలం కొండ వెనక్కి దిగిపోయింది. ఆ పది నిమిషాలలో 145.800 మెగాహెర్ట్జ్ మీద ఒక మనిషి గొంతు వినిపించింది. ఎక్కడో బడిపిల్లలు ప్రశ్నలు వేస్తున్నారు. వ్యోమగామి జవాబులు చెబుతున్నాడు. ప్రశ్నలు మాకు వినపడలేదు. జవాబులే వినపడ్డాయి.

మెట్లు దిగుతుండగా ఒక విద్యార్థి అడిగాడు: “బాగానే ఉంది మేస్టారూ. కాని దీనివల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఉక్కు కర్మాగారం అమ్మకం మాట వచ్చిన 2021 నుంచీ కార్మికులు రోడ్డెక్కిన ఊరు ఇది. ఇక్కడ ఆకాశం వైపు చూస్తూ నిలబడడం పలాయనం కాదా?”

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. ఎమ్మే చదివే రోజుల్లో ఒక గోష్ఠిలో మధ్యతరగతి వ్యామోహాలను చీల్చి చెండాడుతూ, నేను ఈ పెద్దాయననే, పేరు చెప్పకుండా, ఉదాహరణగా వాడుకున్నాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్ల బాకీ ఇంకా తీరలేదు గనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట ఎదుటివాదాన్ని దాని బలంతో సహా చెప్పుకోవాలి. ఆకాశం చూపించి నేలను మరిపించడం పాలకవర్గాలకు పాత విద్య. గ్రహాల పేరు చెప్పి పేదవాడి దరిద్రాన్ని అతని జాతకానికి అంటగట్టారు. ఈనాడు రాకెట్టు లేచినప్పుడల్లా టీవీల ముందు చప్పట్లు కొట్టించి, ఊరి బడిలో సైన్సు మేస్టారు లేని సంగతి మరిపిస్తున్నారు. కనుక ఆకాశాన్ని చూసి కలిగే ఆశ్చర్యం దానంతటది అభ్యుదయమూ కాదు, తిరోగమనమూ కాదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాన్ని అరిష్టమని భయపడ్డవారికి కొదవ లేదు. ఆ చుక్కనే గురజాడ ‘ముత్యాల సరాల’లో సంస్కరణకు గుర్తుగా తీసుకున్నాడు. చుక్క ఒకటే, చూసిన కళ్లు వేరు. అంచేత మనం అడగవలసింది పైకి చూడవచ్చునా అని కాదు. చూసేవాడు భక్తుడుగా నిలబడ్డాడా, సాక్షిగా నిలబడ్డాడా అని.

సాక్షి అన్న మాట ఊరికే వాడలేదు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ప్రయోగించిన స్పుత్నిక్ 83.6 కిలోల గోళం. దానిలోని ఒక వాట్ ట్రాన్స్‌మిటరు 20.005, 40.002 మెగాహెర్ట్జ్‌ల మీద పలికింది. అందులో మొదటిది మామూలు షార్ట్‌వేవ్ సెట్టుకు అందేది. ఈ సంగతిని ఔత్సాహికుల కోసం సోవియట్ ‘రేడియో’ పత్రిక ఆ వేసవిలోనే ప్రకటించింది. బ్యాటరీలు పనిచేసిన మూడు వారాలూ దేశదేశాల హ్యామ్‌లు ఆ బీప్ బీప్ విన్నారు; అమెరికాలోనూ విన్నారు. నమ్మనివాడు కూడా తన చెవులతో సరిచూసుకున్నాడు. ఒక రాజ్యం చెప్పిన మాటను సామాన్యుడు తన ఇంట్లో కూర్చుని పరీక్షించగలిగాడు. సైన్సుకూ ప్రజాస్వామ్యానికీ ఉన్న చుట్టరికం ఇక్కడ తేటగా కనిపిస్తుంది. 2005లో మూగబోయిందని నాసా వదులుకున్న ‘ఇమేజ్’ ఉపగ్రహం మళ్లీ పలుకుతున్నదని 2018 జనవరిలో పట్టుకున్నవాడు కూడా స్కాట్ టిలీ అనే కెనడా ఔత్సాహికుడే.

అలాగని కథను మన ఇష్టం కొద్దీ తీర్చిదిద్దుకోకూడదు. స్పుత్నిక్‌ను మోసిన రాకెట్టు అణ్వస్త్రం మొయ్యడానికి తయారైనదే. పౌనఃపున్యాన్ని లోకానికి చాటిన ఆ రాజ్యమే ప్రధాన రూపశిల్పి కొరల్యోవ్ పేరును 1966లో ఆయన చనిపోయేదాకా దాచింది. మన పక్షంవాళ్లు దాచినా దాచడమే. సాక్షికి పక్షం ఉండవచ్చు, చెవుడు ఉండకూడదు.

ఇక ఈ సాక్షికి చట్టం గీసిన గిరి చూడండి. హ్యామ్ వ్యాపారం మాట్లాడరాదు, డబ్బు పుచ్చుకోరాదు. సాంకేతిక ప్రయోగాల గురించీ, ఏవో సొంత ముచ్చట్లూ మాత్రమే చెప్పుకోవాలి. అంటే ముఖ్యం కాని మాటలే మాట్లాడాలన్న షరతు మీద అతనికి గాలిలో చోటిచ్చారు. ఇది ఒకప్పుడు నాకు నవ్వులాటగా తోచింది. ఆ మాటలు నిజంగా అంత ముఖ్యం కానివైతే, 1939లో యుద్ధం రాగానే బ్రిటిషు ప్రభుత్వం మన దేశపు హ్యామ్‌ల లైసెన్సులు ఎందుకు రద్దు చేసింది? ఆ భయం ఎందుకో మూడేళ్లలో తేలిపోయింది. 1942లో ఉషా మెహతా బృందం బొంబాయిలో రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియోకు ట్రాన్స్‌మిటరు సమకూర్చిన నారిమన్ ప్రింటర్ ఒక పాత హ్యామ్. తీరిక వేళ నేర్చిన పనికిమాలిన విద్య, తీరిక లేని వేళ ఉద్యమానికి గొంతయింది.

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. ఏళ్ల తరబడి హ్యామ్ గొంతు వినిపించని అండమాన్ నుంచి లోకంలోని తోటి హ్యామ్‌లను పలకరించడమే పని. అంతకంటె ముఖ్యం కాని పని ఉంటుందా? డిసెంబరు 26న సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. పలకరింపులకు పెట్టిన ఆ సెట్టే క్షేమసమాచారాలు మోసింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. నేను హైదరాబాదులో ఉన్నాను. మా అమ్మ పెందుర్తిలో ఒంటరిగా ఉంది. కరెంటు లేదు, ఫోను లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మా హాస్టలుకు ఫోను చేశాడు: “పెందుర్తి నుంచి కబురండి. మీ అమ్మగారు క్షేమం. వంటింటి రేకులు లేచిపోయాయట, అంతే.” పక్కింటి పెద్దాయన తన ఏరియల్ గాలికి విరిగిపోతే, రెండు గోడల మధ్య రాగితీగ కట్టి, లారీ బ్యాటరీ తగిలించి, వీధిలో ఒక్కొక్కరి కబురూ పంపాడు. గోష్ఠిలో నేనన్న మాట ఆయన చెవిన పడిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

‘చూశావా, చివరికి ఉపయోగపడింది’ అని ఇక్కడ ముగిస్తే నా విద్యార్థి తృప్తిపడతాడు. నేను పడలేను. ఆయన తుఫాను కోసం నేర్చుకోలేదు. తుఫాను కోసమే నేర్చుకోమంటే ముప్ఫయ్యేళ్లు ఎవడూ నేర్చుకోడు. రోదసీ కేంద్రం మనవైపు వస్తున్నప్పుడు దాని ధ్వని మూడు కిలోహెర్ట్జ్‌లకు పైగా పైకి జరుగుతుంది. దూరమవుతున్నప్పుడు అంతే కిందికి జారుతుంది. వినేవాడు మీట తిప్పుతూ దాని వెంట నడవాలి. రొదలోంచి ఒక సన్నని గొంతును ఏరుకుని వినడం, దానికి తగినట్టు తనను సరిచేసుకోవడం ఇష్టం వల్లనే అలవడతాయి. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడినవాళ్లు, మిగిలిన గంటలను ఉపయోగానికి తాకట్టు పెట్టడానికి పోరాడలేదు. అయితే ఆ వినికిడి ఆకాశం దగ్గరే ఆగిపోతే అది పలాయనమే. వీధి దాకా దిగివస్తే సంస్కారం.

ఆకాశం కూడా మునుపటిలా లేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఇస్రో 42.5 కిలోల హ్యామ్‌శాట్‌ను పంపింది. 2014 జూలైలో బ్యాటరీ చెడిపోయేదాకా, లైసెన్సున్న ఏ దేశపు హ్యామ్ అయినా పైసా కట్టకుండా దాని ద్వారా మాట్లాడుకున్నాడు. ఈనాడు ఒక్క ప్రైవేటు కంపెనీ ఉపగ్రహాలే వేల సంఖ్యలో మన నెత్తి మీద తిరుగుతున్నాయి. వాటి మోత మనకు అందుతుంది, మాట అందదు. చందాదారుల గుట్టు కాపాడడానికి తాళం అవసరమే, కాదనను. కాని ఎవరి నెత్తి మీద ఏది తిరగాలో నిర్ణయించినప్పుడు పెందుర్తి డాబా మీది మనిషిని ఎవరూ అడగలేదు. కర్మాగారం గురించి కార్మికుడు వేస్తున్న ప్రశ్నా, ఆకాశం గురించి మనం వెయ్యవలసిన ప్రశ్నా ఒకటే: అందరి సొత్తును అందరినీ అడగకుండా పంచుకుంటున్నది ఎవరు?

ఆవేళ మెట్ల మీద నేను ఇంత చెప్పలేకపోయాను. పెద్దాయనే అన్నాడు: “ఏం ఒరిగిందంటే ఏం చెప్తాం బాబూ? ఈసారి నువ్వు పట్టుకో ఏరియల్.”

ఆ కుర్రాడు మళ్లీ వెళ్లాడు. ఉక్కు కార్మికుల సభ నుంచి తిన్నగా వెళ్లాడు.